అక్క విన్న మాట

రక్తం మరకకి చన్నీళ్ళే వాడాలి. మా లాండ్రీలో పనికి చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం అదే. వేడినీళ్ళు తగిలాయంటే మరక దారంలోకి దిగిపోతుంది, ఇక బట్ట చిరిగేదాకా వదలదు. అందుకని ఆ మంగళవారం పొద్దున, ఇంకా బాయిలర్ వెలిగించకముందే, వెనకవైపు కుళాయి దగ్గర అక్క ఒక్కతే కూర్చుని చన్నీళ్ళలో దుప్పటి నలుపుతూ కనబడితే నేనేమీ అడగనక్కర్లేకపోయింది. ఆ దుప్పటి లాడ్జీది కాదు, ఆసుపత్రిది కాదు. మూల మీద గుర్తు దారం లేదు. అక్క ఇంటిదే.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి? నెలనెలా వచ్చేదేగా," అంది తలెత్తకుండా.

"పాతికేళ్ళ నుంచి మరకలు ఉతుకుతున్నదాన్ని. నాకా చెప్తున్నావు?"

అప్పుడు తలెత్తి నవ్వింది. ముఖంలో చుక్క నెత్తురు లేదు. ఆ ముఖంతో ఆ నవ్వు చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"నాకు నలభై తొమ్మిది వచ్చాయే. నాకన్నా చిన్నదానివి, నీకు ఆగిపోయి ఏడాదయింది. నాకింకా వస్తోందంటే ఆయన తలుపు మూయలేదనేగా," అంది.

ఆయనంటే దేవుడు. అక్క నోట 'ఆయన' అంటే ఎప్పుడూ దేవుడే. కట్టుకున్నవాణ్ణి మాత్రం 'మీ బావ' అంటుంది. నెలల తరబడి ఒంట్లో నెత్తురంతా కారిపోతుంటే దాన్ని దేవుడు తెరిచి ఉంచిన తలుపు అనుకుని మురిసిపోయే మనిషిని నేను మా అక్కనొక్కదాన్నే చూశాను.

అక్క విన్న మాట సంగతి చెప్పాలి. అక్కకి పెళ్ళయిన ఏడో ఏట, ప్రార్థన మందిరంలో మోకాళ్ళ మీద ఉండగా ఒక మాట వినబడింది. 'నిన్ను తల్లిని చేస్తాను.' అంతే. చెవికి వినబడిందా, మనసుకి వినబడిందా అని నేను చాలాసార్లు గుచ్చిగుచ్చి అడిగాను. "వినబడింది," అంటుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆదివారం లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెబుతారు. ఎవరైనా మేలు పొందాక చెబుతారు. మా అక్క పొందకముందే చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత తెలిసినవాళ్ళు పాపం నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు మాత్రం తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆనాటి నుంచి ఇరవై నాలుగేళ్ళు, ప్రతి ఆదివారమూ ప్రార్థన మనవుల్లో అక్క మనవి చదువుతూనే ఉన్నారు. పాస్టరుగారు మారారు, నోటుపుస్తకాలు మారాయి, మనవి మారలేదు.

ఆ ఎదురుచూపులో ఏడుపు ఉండేది కాదు. ఈ ముక్క చెప్పకపోతే అక్కకి అన్యాయం చేసినదాన్నవుతాను. వెనకాల గొడ్రాలు అని గొణిగే ఇంట్లో పురుడొచ్చినా ముందు పరిగెత్తేది తనే. ఆ పసిగుడ్డుని ఒళ్ళో వేసుకుని, "మావాడు కాస్త ఆలస్యంగా వస్తాడు, వాణ్ణి ఏడిపించకూడదు మరి," అని బుద్ధులు చెప్పేది. ఇస్త్రీ చేస్తూ పాడేది. శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి బల్లలు తుడిచేది. చేతిలో టిక్కెట్టు ఉన్నవాళ్ళు రైలు ఎంత ఆలస్యమైనా ధీమాగా కూర్చుంటారు చూడండి, అలా కూర్చుంది అన్నేళ్ళూ. నాకు ఆ ధీమా చూస్తే కోపం, కుళ్ళు రెండూను. నాకు భక్తి లేదని కాదు. ఆదివారం తొడుక్కుని సోమవారం మడతపెట్టే రకం భక్తి నాది.

నాకు మూడో కాన్పు వచ్చేసరికి అక్క ఎదురుచూపుకి ఐదేళ్ళు. అప్పటికే నాకో కొడుకు, కూతురు. మూడోది కడుపున పడ్డప్పుడే అనుకున్నాను, ఇది అక్కదని. మా ఇంటాయన సరేనన్నాడు. బావ బస్సు డ్రైవరు. ఆ మాట చెప్పగానే డిపోలో కనబడ్డ ప్రతివాణ్ణీ ఏ ఉయ్యాల మంచిదని అడిగాడట. పిల్ల పుట్టిన పదకొండో రోజున తీసుకెళ్ళి అక్క మంచం మీద పడుకోబెట్టి, "ఇదిగో నీ కూతురు," అని చెప్పి వచ్చేశాను.

మూడు రోజులు ఉంచుకుంది. ఆ మూడు రోజులూ దాన్ని కింద పెట్టలేదని బావ చెప్పాడు. నాలుగో రోజు పొద్దున్నే పిల్లని ఎత్తుకుని మా గుమ్మంలో నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"తీసుకోవే," అంది.

మా బైబిలు వాక్యంలో ఓ ముసలి దంపతుల కథ ఉంది. దేవుడు బిడ్డనిస్తానని మాటిచ్చాడు. ఆలస్యమైంది. ఆగలేక ఇంట్లో పనిచేసే దాసి ద్వారా బిడ్డని పొందారు. దాంతో ఆ ఇంట్లో పోరు మొదలై, చివరికి ఆ తల్లీబిడ్డా ఎడారి పాలయ్యారు. అక్క ఆ మూడు రోజులూ ఆ కథే పట్టుకు కూర్చుందట.

"నేను తొందరపడను చెల్లీ. ఇది నా దగ్గరుంటే నేను ఎదురుచూడ్డం మానేస్తాను. ఇది నవ్వితే ఆయన మాట మర్చిపోతాను. మాటిచ్చినవాణ్ణి అబద్ధాలకోరుని చెయ్యలేను," అంది.

"నా పిల్ల నీ దేవుడికి చాల్లేదా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా నోరు మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటారు, ఆ రోజు ఊరు అనుకునేదానికన్నా ఎక్కువే అన్నాను.

రెండేళ్ళు మేం మాట్లాడుకోలేదు. అలాగని పని ఆగితే పూట గడవదు. పెద్ద దుప్పటి ఒక్కరు మడవలేరు. చెరో రెండు కొసలూ పట్టుకోవాలి, విదిలించాలి, ఎదురెదురుగా నడిచి ఆమె చేతి కొసలు నా చేతిలో పెట్టాలి. రోజుకి నూట యాభై దుప్పట్లు. నూట యాభైసార్లు వేళ్ళు తగిలేవి, ముఖాలు మాత్రం చూసుకునేవాళ్ళం కాదు. మూడో ఏట ఓ పాత దుప్పటి విదిలిస్తుంటే మధ్యకి ఫర్రుమని చిరిగి ఇద్దరం చెరోవైపు వెల్లకిలా పడ్డాం. ముందు అక్క నవ్వింది. నేను ఎంత బిగపట్టుకున్నా ఆగలేదు. అలా కలిశాం.

ఆ పిల్లే మా చిన్నది. ఇప్పుడు దానికి పంతొమ్మిది. లాండ్రీ ముందు గదిలో బట్టలు తీసుకుని చీటీలు రాస్తుంది. దానికి ఈ సంగతి మేమెవరమూ చెప్పలేదు. అక్క ఊళ్ళో పిల్లలందర్నీ ముద్దు చేసేది, దాన్ని మాత్రం దూరం నుంచే చూసేది. "పెద్దమ్మకి నేనంటే పడదు," అనేది అది చిన్నప్పుడు. ముట్టుకుంటే ఇక వదలడం తన వల్ల కాదు కాబట్టే ముట్టుకోదని దానికెలా తెలుస్తుంది? బావ మాత్రం అది బడికెళ్ళే దారిలోనే పదేళ్ళు డ్యూటీ వేయించుకున్నాడు. తన వెనక సీటులో ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు.

సరే, ఆ మంగళవారం అక్కని రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. గర్భసంచి నిండా గడ్డలున్నాయంది. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదంది. రక్తం ఎక్కించి గురువారం గర్భసంచి తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదంది. సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది.

అక్క కాగితం పూర్తిగా చదివి తిరిగి ఇచ్చేసింది. "అది ఆయన మాటిచ్చిన చోటు డాక్టరమ్మా. నేను తీయించుకోను."

"అమ్మా, మీరు చచ్చిపోతారు," అంది డాక్టరమ్మ, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"మాటిచ్చినవాడు చూసుకుంటాడులెండి," అంది అక్క, డాక్టరమ్మనే ఓదారుస్తున్నట్టు.

రక్తం ఎక్కించుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. బావ డ్యూటీ మధ్యలో యూనిఫారంతోనే వచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. "మీరు చెప్పండి బావా, మీ మాట వింటుంది," అన్నాను.

"పాతికేళ్ళ నుంచి ఆ మాట మీదే నిలబడిందమ్మా మీ అక్క. కింద నుంచి నేనెలా లాగెయ్యను?"

"మనిషే పోతే నిలబడేదెవరు?"

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "నువ్వు చెప్పమ్మా. నీ నోటికి తిరుగులేదు," అన్నాడు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దునా నాకు తెలిసిన విద్యలన్నీ చూపించాను. బతిమాలాను. వెక్కిరించాను. "దేవుడికి గర్భసంచి అడ్డమా, ఆయన తలుచుకుంటే రాళ్ళకి పిల్లల్ని పుట్టించడా?" అని వాక్యం తిప్పి చెప్పాను. అక్క నవ్వి, "మరి ఆయన్ని తలుచుకోనివ్వవే, నీకెందుకు తొందర," అంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

బుధవారం మధ్యాహ్నం నర్సు దుప్పటి మార్చింది. తీసిన దుప్పటి నేను చూశాను. ఎంత చూస్తే ఎంత పోయిందో నాకు తెలుస్తుంది, అది నా వృత్తి. పైనుంచి ఎక్కించేదానికన్నా కిందకి పోయేదే ఎక్కువ. గురువారం దాకా ఉంటుందన్న నమ్మకం పోయింది. నర్సు వెళ్ళాక మంచం మీద కూర్చున్నాను.

"అక్కా, నువ్వు విన్న మాట సరిగ్గా చెప్పు. ఒక్క అక్షరం కలపకుండా."

"నిన్ను తల్లిని చేస్తాను."

"నీ కడుపునే అన్నాడా?"

అక్క ఆలోచించింది. అబద్ధం చెప్పడం రాని మనిషి. "అనలేదు," అంది.

"మరి ఆయన మాట తప్పాడని ఎవరన్నారు? పంతొమ్మిదేళ్ళ కిందటే ఇచ్చాడు. పదకొండు రోజుల పిల్లని నా చేత్తో మోయించి తెచ్చి నీ మంచం మీద పెట్టించాడు. నువ్వే తిప్పి పంపావు. ఇప్పుడింకా ఏ మొహం పెట్టుకుని ఎదురుచూస్తున్నావు? ఆయన మాట నిలబెట్టుకున్నాడు. తీసుకోనిది నువ్వు."

అక్క నా వైపు చూసింది. పక్క మంచం ఆవిడ దగ్గుతోంది, వరండాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు. అక్క ముఖంలో ఇరవై నాలుగేళ్ళ నుంచి ఉన్నదేదో నా కళ్ళ ముందే మెల్లగా పోయింది. నేను ఆపలేదు.

"పెన్నివ్వు," అంది.

సంతకం పెట్టింది. గురువారం ఆపరేషన్ అయింది. అక్క బతికింది. బావ నా రెండు చేతులూ పట్టుకుని, "నీ రుణం తీర్చుకోలేనమ్మా," అన్నాడు. అందరూ నన్ను మెచ్చుకున్నవాళ్ళే.

నేను చెప్పినదాన్ని నేను నమ్మలేదు. ఆ పిల్లని దేవుడు పంపాడని ఆ క్షణం దాకా నాకెప్పుడూ తోచనే లేదు. ఆ మాట పనిచేస్తుందని తెలిసి అన్నాను, అంతే. మా పనిలో బ్లీచింగ్ అలాంటిదే. కాస్త ఎక్కువైతే మరక పోతుంది, బట్టా పోతుంది.

ఇంటికొచ్చాక రెండు వారాలు మంచం మీదే ఉంది. పాట లేదు. చిన్నది రోజూ వెళ్ళి జడ వేసి, అన్నం పెట్టి వచ్చేది. "పెద్దమ్మ నన్నే చూస్తూ ఉంటుందమ్మా, ఏంటి పెద్దమ్మా అంటే కళ్ళు తుడుచుకుంటుంది," అని చెప్పింది. ఆ మధ్యాహ్నమే వెళ్ళాను.

"అక్కా, ఆ రోజు నేనన్న మాట మర్చిపో. నువ్వు సంతకం పెట్టాలని ఊరికే అన్నాను."

"ఊరికే ఎలా అంటావే. పంతొమ్మిదేళ్ళు రాని మాట ఆ రోజు నీ నోటికి ఎందుకొచ్చింది? ఆయనే అనిపించాడు."

"ఆయన కాదు, నేనే. నా పాడు నోరు."

"నువ్వెప్పుడూ ఇంతే, మంచి పని చేసి ఒప్పుకోవు," అంది. గోడ వైపు తిరిగింది. ఆ గోడతోనే చెప్పినట్టు అంది: "ఎదురుచూసినన్నాళ్ళూ ఆయన పక్క గదిలోనే ఉన్నట్టుండేదే. పొద్దున్నే లేచి ఇవాళేమో అనుకునేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళేస్తే ఏం అడగాలో తెలీడం లేదు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. నేను ఎందుకు ఏడుస్తున్నానో అక్కకి తెలీదు. తనే లేచి నా వీపు నిమిరింది.

ఆరో వారం, ఆదివారం, పట్టుబట్టి మందిరానికి వచ్చింది. ఆపరేషన్ సంగతి సంఘంలో చెప్పవద్దందని మేమెవరమూ చెప్పలేదు, జ్వరమన్నాం. మూడో బల్ల మీద బావ, అక్క, నేను, నా పక్కన చిన్నది. పాస్టరుగారు మనవుల పుస్తకం తెరిచారు. జబ్బుపడ్డవాళ్ళు, ఉద్యోగాల్లేనివాళ్ళు అయ్యాక, ఎప్పటిలాగే, "మన సహోదరికి ప్రభువు ఇచ్చిన వాగ్దానం నెరవేరేలా, ఆమె ఒడి నిండేలా," అన్నారు. జనమంతా ఎప్పటిలాగే ఆమెన్ అనబోయారు.

అక్క లేచి నిలబడింది. ముందు బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఆ మనవి ఇక చదవొద్దు అయ్యగారూ," అంది. "ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు. పంతొమ్మిదేళ్ళ కింద మా చెల్లి చేతుల మీదుగా నాకు ఆడపిల్లని పంపాడు. మూడు రోజులు ఉంచుకుని నేనే తిప్పి పంపాను. అది ఆయన పనని నాకు తెలీలేదు. ఇన్నేళ్ళు మీ అందరి చేతా ఊరికే ప్రార్థన చేయించాను. క్షమించండి." తర్వాత మా చిన్నదాని వైపు తిరిగింది. "తల్లీ, నువ్వూ క్షమించు. నేను వద్దన్నది నిన్ను కాదు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మందిరంలో తలలన్నీ మా బల్ల వైపు తిరిగాయి. పాస్టరుగారు ఏం చెయ్యాలో తోచక పుస్తకం మూసి, మళ్ళీ తెరిచారు. చిన్నది అక్కని చూడలేదు. నన్ను చూసింది.

ఆరాధన అయ్యాక జనాన్ని తప్పించుకుని అది ముందే బయటపడింది. సందు మలుపులో అందుకున్నాను.

"నన్ను ఇచ్చేశావా అమ్మా?"

"ఇచ్చెయ్యడమేంటే. పరాయివాళ్ళకా? మా అక్కకి. ఆవిడకి లేరని."

"ఎన్నో రోజున?"

"పదకొండో రోజు."

"పదకొండు రోజులు పాలిచ్చాక," అంది. దాని గొంతు మామూలుగానే ఉంది. చీటీ రాసేటప్పుడు ఎన్ని దుప్పట్లు, ఎన్ని తువ్వాళ్ళు అని అడుగుతుందే, అదే గొంతు. "నన్ను తిప్పి పంపానని పెద్దమ్మ అంతమంది ముందు నిలబడి ఏడ్చింది. నన్ను ఇచ్చి వచ్చిన రోజు నువ్వు ఏడ్చావా?"

ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికొచ్చి నేను హాయిగా పడుకుని నిద్రపోయాను. నాలుగో రోజు అక్క దాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టినప్పుడు నాకు మొదట అనిపించింది, మళ్ళీ నా నెత్తినే పడిందే అని. అక్కని అన్నన్ని మాటలన్నది పిల్ల కోసం కాదు, నా బరువు నాకు తిరిగొచ్చిందన్న కోపంతో. ఈ సంగతి నేను పాస్టరుగారికి చెప్పలేదు, మా ఇంటాయనకి చెప్పలేదు, దేవుడికి కూడా చెప్పలేదు.

"ఏడ్చానే తల్లీ. ఎందుకేడవను," అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. నేను కడుపున మోసిన పిల్ల, నా అబద్ధం దానికి తెలీదా. "సరే," అంది. వెనక నుంచి అక్క, బావ చెయ్యి పట్టుకుని మెల్లగా వస్తూ, "తల్లీ, ఆగమ్మా," అని పిలిచింది. అది ఆగలేదు. అక్కావాళ్ళ ఇల్లు దాటింది, మా ఇల్లూ దాటింది, పెద్ద రోడ్డు ఎక్కి కనబడకుండా పోయింది.

బావ అక్క చెయ్యి వదిలి దాని వెనకే వెళ్ళాడు. గంట తర్వాత ఒక్కడే వచ్చి, దొరకలేదని తల అడ్డంగా ఊపి, బస్టాండు వైపు చూసొస్తానని మళ్ళీ వెళ్ళాడు.

ఆదివారం కాబట్టి లాండ్రీ మూసి ఉంది. నేను ఇంట్లో కూర్చోలేక ఆ వీధి ఈ వీధి తిరిగి, కాళ్ళు లాగుతుంటే లాండ్రీ దగ్గరికి వచ్చాను. అక్క మెట్టు మీద కూర్చుని ఉంది. కుట్లు ఇంకా నొప్పి పుడుతున్నాయేమో, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. నన్ను చూసి పక్కకి జరిగింది.

"కూర్చో. వస్తుంది," అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"తెలీదు," అంది అక్క.

నేను ఆమె పక్కన కూర్చున్నాను.